పొద్దు ఎరిగిన జొన్న

పొయ్యి కాడికి జరుగు బిడ్డా. ఆ ఫోన్ పక్కన పెట్టు, అది యాడికి పోదు. ఇయ్యాల మీరు విత్తనం సంచి మీద ‘125 రోజులు’ అని చదివి, వేళ్లు మడిచి కోత తారీఖు చెప్తరు. మా కాలంల పచ్చజొన్నకు ఆ లెక్క నడవకపోయేది. ఎన్ని రోజుల పంటనే అని అడిగితే, ‘‘ముందు నువ్వెప్పుడు విత్తినవో చెప్పు’’ అంటుండె మా నాయన.

మా ఊర్ల ఒకాయనకు అందరికంటె ముందుండాలని మహా యావ. మిరుగు చినుకు పడ్డదో లేదో గొర్రు కట్టెటోడు. పునర్వసు దాక ఆగినోళ్లను చూసి మీసం దువ్వుతుండె. తీరా చూస్తే ఆయన చేను కూడ ఊరందరి చేన్లతోటే కంకి తీసె. ముందు విత్తినందుకు సొప్ప ఎక్కువొచ్చింది. ఆయన మొకం మాడినా, ఎడ్లకు మాత్రం పండుగే.

ఎందుకట్లయింది? మన తొర్రూరు దిక్కు జూన్ల పగలు 13 గంటలు దాటుతది, డిసెంబర్ వరకు 11 గంటలకు దిగుతది. పుష్యమాసానికి పూస గుచ్చేంత పొద్దు అన్నరు గద. జొన్న ఆకు రాత్రి ఎంత పొడుగైందో కనిపెడ్తది. 1945ల అమెరికాల క్విన్‌బీ, కార్పర్ అనేటోళ్లు ఈ గుణం వంశంల దిగుతదని తేల్చి, ఆ జన్యువులకు ‘ఎంఏ’ అని పేరు వెట్టిండ్రు. అన్నిట్ల గట్టిది ఎంఏ1. గడి ముందట జవాను లెక్క, పగలు పొడుగున్నన్ని దినాలు పూత కబురును లోపలికి పోనియ్యదు. రాత్రి పెరిగినంక పక్కకు జరుగుతది. వరిల ఆ కబురు ఆకుల పుట్టి మొక్క కొసకు పోతదని 2007ల జపానోళ్లు చూపిండ్రు.

ఉత్తర చూసి ఎత్తర గంప అని మనుషులు వానను చూసి బతుకు తేల్చుకుంటుండ్రి. జొన్న వానను నమ్మలె, పొద్దును నమ్మింది. వానలు వెనకబట్టినంకనే గింజ పోసుకునేది.

జొన్నలంటే అప్పుడు పైసలకంటె ఎక్కువ. నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాయలొచ్చేటియి, అదొక లెక్క. కూలి మాత్రం మానికలతోటే. తీసుకునేటప్పుడు కుప్ప మానిక, ఇచ్చేటప్పుడు గీసిన మానిక! అదే మానిక, అదే చెయ్యి. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి బెల్లం కలిపి మా అవ్వ... ఆఁ, నోరూరుతున్నదా? పేలపిండి తర్వాత, ముందు ముచ్చట కానియ్యి.

1964ల సీఎస్‌హెచ్-1 వచ్చింది, దేశంల మొదటి సంకర జొన్న. పొట్టి మొక్క, నిండు కంకి, నూరు రోజులకు అటో ఇటో. దానికి పొద్దుతోటి పని లేదు, రోజులు నిండితే చాలు. జనం ఎగవడ్డరు. తీరా గింజ గట్టిపడే యాళ్లకు ఇంక వానలే, కంకులకు నల్లబూజు పట్టె. ఊరంత ఒక్కపారే కంకి తీస్తే పిట్టలు అందరి చేన్లు పంచుకుంటయ్. విత్తిన రోజును బట్టి ఒక్క చేనే ముందు పండితే ఊరి పిట్టలన్ని ఆడ్నే. మంచె మీద వడిసెల తిప్పి తిప్పి మా రెక్కలు గుంజినయ్.

అట్లని కొత్తవన్ని చెడ్డయి అంటనా? అనను. వరిల పొద్దు పట్టని గుణమే మన కడుపు నింపింది. ఎనకట వానకాలం ఆబి వడ్లు వేరు, యాసంగి తాబి వడ్లు వేరు. ఒకదాని బదులు ఇంకోటి నారు పోస్తే నవ్వులపాలే. పొద్దు పట్టని ఐఆర్-8 వరి వచ్చింది 1966ల. తర్వాత మన రాజేంద్రనగర్ల పుట్టిన తెల్లహంస యాసంగి చలికి తట్టుకొని నిలబడ్డది. 2015ల వచ్చిన తెలంగాణ సోననైతే వానకాలం పోసినా, యాసంగి పోసినా పండుతది. చెరువు నీళ్లున్న కాడ పొద్దు పట్టని విత్తనమే మేలు.

వాన మీద బతికే చెలకకు మాత్రం నా ఓటు పచ్చజొన్నకే. ఆరుద్రల అడ్డెడు చల్లితే పుట్టెడు పండుతదని పెద్దలన్నరు, అంత ఆశ నీకొద్దు. ఎవరింట్లనన్న పాత విత్తనం ఉంటే మానికెడు అడిగి తెచ్చుకో. రేపు దుకాణంల ఏ విత్తనం కొన్నా, ఎన్ని రోజులదని ఒక్కటే అడిగి ఊకోకు, ఏ కాలందో కూడ అడుగు.