కక్షదౌర్గంధ్యము: చారిత్రక పరిశీలనము

తెలుగున 'కంపు' అను మాట నేడు దుర్గంధమునకే చెల్లుచున్నది. ప్రాచీనకావ్యభాషయందిది పరిమళమునకును వాడబడినది. కన్నడమున 'కంపు' నేటికిని సువాసనయే. తమిళమున 'నాట్రం' అను మాట పూర్వము సువాసనను చెప్పి, ఇప్పుడు దుర్వాసనను మాత్రమే చెప్పుచున్నది. పదముల అర్థము దిగజారుట భాషాశాస్త్రజ్ఞులకు క్రొత్తగాదు. గంధవాచకములందిది జరుగుటకు ఒక ప్రత్యేకకారణమున్నదని మాకు తోచుచున్నది. ఎవని వాసన వానికి అలవాటై తెలియకపోవును. ఎదుటివాని వాసనయే తెలియును. కావున దానినిగూర్చి పలికిన మాటయందు ఎత్తిపొడుపు చేరుట సులభము.

సంస్కృతమున కక్షమనియు బాహుమూలమనియు, తెలుగున చంకయనియు చెప్పబడు స్థానమునుండి వెలువడు దౌర్గంధ్యము ఈ వ్యాసమునకు విషయము. ఇది పరిశోధనకు తగిన వస్తువా యని కొందరు నవ్వవచ్చును. దినమునకు రెండుమార్లు స్నానము చేసియు, చేయి పైకెత్తుటకు వెనుదీయుచు, తరగతిలో వెనుకబల్లను వెదకికొను విద్యార్థిని చూచినవారు మాత్రము నవ్వరు.

మన పూర్వులకు దీనికి చికిత్స తెలిసియుండెనని చెప్పువారు సాధారణముగా గంధశాస్త్రమును సాక్ష్యముగా చూపుదురు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితయందు గంధయుక్తియను ప్రకరణము గలదు. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున స్నానభోగ విలేపనభోగములు విస్తరముగా వర్ణింపబడినవి. కాని యీ సాక్ష్యము చాలదని మా అభిప్రాయము. ఇవి ప్రధానముగా భోగగ్రంథములు. పరిమళమును చేర్చుట వేరు, దుర్గంధమును హరించుట వేరు. ఒకదానిపై నొకటి పూసినచో రెండును కలిసి మూడవదొకటి పుట్టునని రద్దీబండి యెక్కిన వారందరికిని తెలిసినదే.

చికిత్సను వెదకవలసినది వైద్యగ్రంథములలో. చరకసంహిత సూత్రస్థానము 3వ అధ్యాయమున, చివరిభాగమందు, రెండు ప్రదేహములు, అనగా మైపూతలు, ప్రక్కప్రక్కనే చెప్పబడినవి. మొదటిది దిరిసెనము, లామజ్జకము, నాగకేసరము, లొద్దుగ. ఇది చర్మదోషమునకును అధికస్వేదమునకును. రెండవది ఆకుపత్రి, కురువేరు, లొద్దుగ, కరక్కాయ, చందనము. ఇది శరీరదౌర్గంధ్యమును హరించుటకు. ఇందు మేము ముఖ్యముగా గమనించినవి రెండు. చెమటకు ఒక యోగము, వాసనకు వేరొక యోగము చెప్పుటచే ఇవి రెండును ఒకటికాదని ఆ వైద్యుడెరుగునని తేలుచున్నది. నేటి అంగడిలో చెమటను తగ్గించునదియు వాసనను తగ్గించునదియు వేర్వేరు సరుకులుగా అమ్ముడగుచుండుట ఈ విభాగమునే అనుసరించుచున్నది. ఇక రెండు యోగములందును లొద్దుగ యున్నది. అది కషాయద్రవ్యము, చర్మమును బిగియించు వగరుగలది. రెండవదానియందలి కరక్కాయయు వగరే. చందనమొక్కటియే చాలునని చరకు డనుకొనలేదు.

అయితే యీ గ్రంథమందే 21వ అధ్యాయమున అతిస్థూలునకు కలుగు ఎనిమిది దోషములలో దౌర్గంధ్యము, స్వేదబాధ అను రెండును చేర్చబడినవి. స్వేదము మేదోధాతువుయొక్క మలమను సిద్ధాంతమునుండి ఇది సహజముగా వచ్చినది. తర్కము ధాతువును గూర్చినదే, కాని అధ్యాయమునకు పేరు అష్టౌనిందితీయము. నిందింపబడువారి పట్టికలో చేరినవాడు వైద్యునియొద్ద సహితము కొంత తలవంచుకొనియే నిలుచును.

మన దేశమున నింద స్థూలుని కంటుకొనగా, చీనాదేశమున అది ఒక జాతి కంటుకొనెను. 7వ శతాబ్దిలో సున్ సిమియావో అను ప్రసిద్ధవైద్యుడు ఈ వాసనను పుట్టుకతో వచ్చినదనియు ఇతరులవలన అంటినదనియు విభజించి, మొదటిది కష్టసాధ్యమనెను. దీనికి చీనాభాషలో 'హూచౌ' అని పేరు. 'హూ' అను శబ్దమునకు వేర్వేరు లిపిచిహ్నములలో నక్క యనియు, ఉత్తర పశ్చిమదిక్కుల విదేశీయుడనియు అర్థములు గలవు. ఈ పదమున విదేశీయార్థమే మొదటిదని చరిత్రకారుడు చెన్ యిన్‌కే 1937లో ఒక వ్యాసమున వాదించెను. 1903లో జపాను శాస్త్రజ్ఞుడు అదాచి బుంతారో ఐరోపీయుల వాసననుగూర్చి జర్మనుభాషలో వ్రాసెను. ఇతరజాతులను వాసనతో గుర్తించుట ఐరోపీయులకు అలవాటైన కాలమది. ఈ వ్యాసము వారికి ఎట్లుండెనో ఊహింపవచ్చును.

ఈ మాటలలో నిజమెంత? 2006లో జపాను పరిశోధకులు చెవిగుబిలి పొడిగా నుండుటయు తడిగా నుండుటయు ఏబీసీసీ11 అను ఒక జన్యువుపై ఆధారపడునని నిరూపించిరి. చంకవాసనకును అదే జన్యువు ముఖ్యకారణమని తరువాత తేలినది. తూర్పాసియావాసులలో అధికసంఖ్యాకులకు గుబిలి పొడిగానుండును, వాసన స్వల్పము. మన దేశమున రెండు తెగలవారును కలరు. పుట్టుకతో వచ్చినది కష్టసాధ్యమన్న వైద్యుని పరిశీలనకు ఇట్లు ఆధారము దొరకినది. శుభ్రతకును జాతిగుణమునకును దీనిని ముడిపెట్టిన లోకమునకు మాత్రము దొరకలేదు.

వాసన పుట్టుకయు నిపుడు స్పష్టమే. 1922లో షీఫర్‌డెకర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు స్వేదగ్రంథులు రెండు విధములని వేరుచేసెను. దేహమంతటనుండి చల్లదనము నిచ్చునవి యొకటి. చంకలవంటి చోట్ల యౌవనముతో మేల్కొని చిక్కని స్రావమునిచ్చునవి రెండవవి. 1953లో షెల్లీయు అతని సహచరులును ఈ స్రావమునకు అప్పటికప్పుడు వాసనలేదనియు, చర్మముపై బాక్టీరియాలు దానిని మార్చిన తరువాతనే కంపు పుట్టుననియు ప్రయోగముచే చూపిరి.

కాని వ్యాపారము శాస్త్రముకంటె ముందే నడచినది. 'మమ్' అను లేపనము 1888లో అమెరికాలో వెలువడెను. 'ఓడొరోనో' అను మందుకై జేమ్స్ యంగ్ అను ప్రకటనరచయిత 1919లో, స్త్రీ తన వాసనను తానెరుగదనియు ఇతరులు చెప్పరనియు భయము పుట్టించు ప్రకటనను వ్రాసెను. పత్రికను సుమారు 200 మంది చదువరులు మానివేసిరి. మరుసటి యేడు అమ్మకము రెట్టింపునకు మించెను. తన వాసన తనకు తెలియదన్న సత్యమునే అతడు సొమ్ము చేసికొనెను.

ఇంతవరకు చెప్పినదాని ఉపయోగము కొంత వ్రాయుట మా కర్తవ్యము. స్నానానంతరము చంకలను పూర్తిగా తుడిచి ఆరబెట్టవలెను. వెంట్రుకలను కత్తిరించినచో స్రావము నిలువదు. చెమటను తగ్గించు అల్యూమినియము లవణములు రాత్రి, పొడిచర్మముపై పూసినచో బాగుగా పనిచేయును. మంగలిపొదిలోని పటికయు అల్యూమినియము లవణమే. నిమ్మరసము, వంటసోడా చర్మమును మండించును. బెంజాయిల్ పెరాక్సైడు గల కడుగుమందు కొందరికి మేలుచేయును, కాని బట్టల రంగును పోగొట్టును. పాలియెస్టరు చొక్కా నూలుబట్టకంటె ఎక్కువ కంపుకొట్టునని 2014లో బెల్జియము పరిశోధకులు చూపిరి. ఎంత స్నానము చేసినను వాసన పోలేదనువారు ముందుగా తమ చొక్కాను పరీక్షింపవలెను. హఠాత్తుగా క్రొత్తవాసన కలిగినను, చంకలో గడ్డలు లేచినను, చెమట ధారగా కారుచున్నను చర్మవైద్యుని చూడవలెను. అట్టివారు సిగ్గుచే ఏండ్లతరబడి ఆగిపోవుచుందురు.