చెంచా బ్రాందీ, అవ్వ సొంటి డబ్బా

జలుబు చేస్తే వేడినీళ్లలో చెంచా బ్రాందీ కలిపి బాలింతలకూ పసిబిడ్డలకూ తాగించడం మన సేలం ఇళ్లలో పాత అలవాటు.

1937 అక్టోబర్ 1న రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధం మొదలుపెట్టింది మన జిల్లాలోనే. 1948లో మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. మేము పిల్లలుగా ఉన్నప్పుడు జలుబుకు అవ్వ ఇచ్చింది సొంటి, మిరియాలు, తాటిబెల్లం వేసి కాచిన సుక్కు కాపీయే. 1971లో నిషేధం ఎత్తేశారు. బ్రాందీ సీసా మళ్లీ మందుల అలమరలోకి వచ్చింది.

బ్రాందీ తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి. ఒళ్లు వెచ్చబడినట్టే ఉంటుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. పసివాళ్లకైతే ప్రాణాపాయం. ఈ చలికాలం సీసా వద్దు, అవ్వ సొంటి డబ్బా తీద్దాం.