ఆయుధపూజయు తుపాకిపూతయు – బారామహలు చరిత్రయందొక విచారణ

కృష్ణగిరి, హోసూరు సీమల చరిత్రను వ్రాయువారు కోటల ముట్టడులను వర్ణింతురు. సంధుల తేదీలను పేర్కొందురు. కాని ఆ ముట్టడులలో వాడిన తుపాకులను తుప్పునుండి ఎట్లు కాపాడిరన్న ప్రశ్న వారికి తోచుట అరుదు. నూనెగుడ్డతో తుడుచుట చరిత్రలో చేరదగిన విషయమా యని కొందఱు శంకింపవచ్చును. తడిసిన మందు, తుప్పుపట్టిన గొట్టము గల సేనకు సంఖ్యాబలము అక్కఱకు రాదు. కావున నిది విచారింపదగిన విషయమే.

కృష్ణగిరి దుర్గము 1768లో ఆంగ్లేయుల వశమై, 1769 నాటి సంధితో తిరిగి మైసూరునకు చేరెను. 1791 జూలైలో కారన్‌వాలీసు సేనలు హోసూరును, రాయకోటను పట్టుకొనెను. ఆ సంవత్సరమే నవంబరు 7వ తేదీ రాత్రి మాక్స్‌వెల్ కృష్ణగిరిపై దాడి వెడలెను. క్రింది కోట చిక్కినది గాని, పైనుండి దొర్లించిన బండరాళ్ల ధాటికి పైకోట చిక్కలేదు. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహలును, 1799లో హోసూరు సీమయు కంపెనీకి దక్కెను.

ఈ యుద్ధములలో పోరాడిన చెన్నపట్టణపు సేనలో తెలుగువారు పెక్కురు. ఉత్తర హిందూస్థానమున సిపాయిని ‘తిలంగా’ యని పిలుచు వాడుక మనవారి పేరునుండి పుట్టినదే. ‘తుపాకి’ యను మాట తురుష్కభాషనుండి వచ్చి మన పల్లెలలో స్థిరపడినట్లే, మన పేరు ఉత్తరదేశమున స్థిరపడినది.

నాటి సిపాయి చేతి తుపాకి చెకుముకిరాతితో నిప్పు పుట్టించునది. గొట్టపు రంధ్రము ముప్పాతిక అంగుళము, తూకము సుమారు 10 పౌనులు. అందు వాడినది సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన నల్లమందు. అది మండిన పిదప సగమునకు మించిన భాగము మసిగా, లవణములుగా మిగిలిపోవును. ఆ లవణములు గాలిలోని చెమ్మను పీల్చి యినుమును తినివేయును. మాక్స్‌వెల్ దాడి జరిగిన నవంబరు మాసము ఈ సీమలో ఈశాన్య ఋతుపవనపు వానకాలము. అట్టి దినములలో పేల్చిన తుపాకిని మఱునాటికి విడిచిన నష్టము తప్పదు. ఆ లవణములు నూనెలో కరుగవు, నీటిలో కరుగును. అందుచేత ముందు గొట్టమును వేడినీటితో కడిగి, కడ్డీకి చుట్టిన గుడ్డతో తుడిచి, బాగుగా ఆరిన తరువాతనే నూనె పట్టింపవలెను. ఈ క్రమము తప్పిన నూనె క్రిందనే తుప్పు పెరుగును.

18వ శతాబ్దిలో గొట్టములకు పూత లేదు. అవి వెండివలె మెఱయవలెనని యధికారులు కోరుటచే సిపాయిలు ఇటుకపొడితో తోమెడివారు. మెఱపు కలిగెను గాని, తోమిన కొలది లోహము అరిగెను. ఎండలో తళతళలాడి శత్రువునకు జాడయు తెలిపెను. 19వ శతాబ్ది ఆరంభమున బ్రిటిషు సేనలో గొట్టములకు గోధుమవన్నె పూత వ్యాపించెను. ఇందలి వింత యేమన, ఆ పూతయు ఒక విధమగు తుప్పే! జిడ్డు తీసిన యినుముపై ఆమ్లములు కలిసిన ద్రావకము పూసి, చెమ్మలో నుంచి, పట్టిన తుప్పును తీగల కుంచెతో రుద్ది, మఱల పూయుదురు. కొన్ని పర్యాయములు ఇట్లు చేసి, తుదకు వేడినీట కడిగి, నూనెయో మైనమో పట్టింతురు. లోహమును అంటిపెట్టుకొనిన ఆ పలుచని పొర నూనెను నిలుపుకొనును.

కాలక్రమమున పొగ తక్కువగు మందు వచ్చెను. అయినను తూటా అడుగునందలి రసాయనము ఉప్పు వంటి శేషమును విడుచుచుండుటచే, 20వ శతాబ్ది లీ-ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టములోనికి సైతము మరుగునీరు పోయవలసి వచ్చెను. 1906లో కాస్‌లెట్ అను ఆంగ్లేయుడు హక్కు పొందిన ఫాస్ఫేటు పూత తరువాత సైనికాయుధములకు వ్యాపించెను. దాని స్ఫటికముల నడుమ సన్నని సందులుండి నూనెను పట్టుకొనును. ఆ నూనె లేనిచో పూత యుండియు ఇనుము తుప్పుపట్టును. నూనె మితిమీరినచో కదలు భాగములందు దుమ్ము చేరి బిగిసికొనును. పూత మాఱినను సూత్రము మాఱలేదు: పూత నూనెకు ఆధారమేగాని, దానికి బదులు కాదు.

ఈ విచారణ వలన నేటి మనకు గల ప్రయోజనమును చెప్పి ముగింతును. మహర్నవమినాడు ఆయుధములను శుభ్రపఱచి పూజించుట మన సంప్రదాయము. పూర్వికుల కాలపు కత్తినో, తుపాకినో కలిగిన యిండ్లలో భక్తితోనే చింతపండు, నిమ్మరసము, ఇటుకపొడి వేసి తోముదురు. పులుపులోని ఆమ్లము ఆ గోధుమపూతను కరగించును. ఇటుకపొడి గొట్టముపై చెక్కిన గుర్తులను, అంకెలను చెఱిపివేయును. ఆ వస్తువు ఎప్పటిదో, ఎచ్చటిదో తెలుపు సాక్ష్యము ఒక్క పూటలో నశించును. అంతేకాదు, పాత తుపాకిలో మందు మిగిలియుండవచ్చును గనుక, తెలిసినవారు పరీక్షింపనిదే దానిని ముట్టరాదు. పిమ్మట మెత్తని పొడిగుడ్డతో ధూళి తుడిచి, పలుచగా ఖనిజతైలము పూసి, మిగిలినది తుడిచివేసిన చాలును. నువ్వులనూనె కాలము గడచిన కొలది జిగటగా మాఱును గనుక దానిని వాడరాదు.

మెఱపే శుభ్రత యని నాటి అధికారులు పొరబడిరి. మనమును అట్లే పొరబడినచో, ఈ సీమలో తెలుగు సిపాయి చేతి ఆనవాలును మన చేతులతోనే తుడిచివేసిన వారమగుదుము.