అంబాసిడర్ తోబుట్టువు: ఇంటి గ్యారేజీల్లో బతికిన ఎంజీబీ కథ

అంబాసిడర్ బానెట్ ఎత్తితే కనిపించే ఇంజిన్ గుర్తుందా? కలెక్టరు గారి కారు, పెళ్లికొడుకు కారు, రైల్వే స్టేషన్ బయట నిలబడే ట్యాక్సీ, అన్నింట్లోనూ అదే. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. దాని అసలు పేరు బీ-సిరీస్, బ్రిటన్‌లోని బీఎంసీ కంపెనీది. మన దగ్గర 1959 నుంచి అంబాసిడర్‌లో వచ్చింది. అయితే అంతకు నాలుగేళ్ల ముందే, అంటే 1955లోనే, ఇదే 1489 సీసీ ఇంజిన్‌ని ఇంకాస్త పదును పెట్టి ఇంగ్లండ్‌లో ఒక స్పోర్ట్స్ కారులో పెట్టారు. ఆ కారు ఎంజీఏ. 1962లో దాని తర్వాత వచ్చింది ఎంజీబీ. మన కథ దానిదే.

ఒక చిన్న లెక్క చెప్తాను, కొలతలంటే ఇష్టమున్నవాళ్లకి నచ్చుతుంది. అంబాసిడర్ ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం, స్ట్రోక్ అంటాం కదా, 88.9 మిల్లీమీటర్లు. ఎంజీబీ ఇంజిన్‌లోనూ సరిగ్గా 88.9. మార్చిందల్లా బోరు. 73 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని 80.26కి వెడల్పు చేశారు, 1489 సీసీ కాస్తా 1798 సీసీ అయింది. అంటే మనవాళ్లు తిరుపతి ఘాట్ ఎక్కించిన ఇంజినూ, ఇంగ్లండ్ కుర్రాళ్లు టాప్ తీసేసి ఆదివారం షికారుకెళ్లిన ఇంజినూ ఒక తల్లి పిల్లలే.

స్పోర్ట్స్ కారు అనగానే ఫెరారీ ఊహించుకోకండి. ఎంజీబీకి 95 హార్స్ పవర్, రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు, గంటకి వంద మైళ్లు కొంచెం దాటే వేగం. ఇంజిను, గేర్‌బాక్సు, యాక్సిలు, అన్నీ ఆ కంపెనీ మామూలు ఫ్యామిలీ కార్లకి తయారుచేసిన సామానుకి దగ్గరి చుట్టాలే. తయారైన ఊరు ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న అబింగ్డన్. 1929లో ఒక తోళ్ల ఫ్యాక్టరీ ఆవరణలో కొంత భాగం తీసుకుని ఎంజీ వాళ్లు అక్కడికొచ్చారు. బాడీలు ఒక ఊరి నుంచి, ఇంజిన్లు ఇంకో ఊరి నుంచి వచ్చేవి, అబింగ్డన్‌లో బిగించేవాళ్లు. కదిలే కన్వేయర్ కూడా లేదు, ఒక దగ్గర పని అయ్యాక బండిని చేత్తో తోసుకుంటూ పక్క స్టేషన్‌కి తీసుకెళ్లేవాళ్లు. అలా 1962 నుంచి 1980 వరకు, దీని అన్నదమ్ముల మోడళ్లతో కలిపి, 5 లక్షల 23 వేలకు పైగా తయారయ్యాయి. సగానికి పైగా ఉత్తర అమెరికాకి వెళ్లిపోయాయి.

నాకు ఈ కథలో అసలు ఆసక్తి కారు పుట్టుక మీద కాదు, చావు తప్పించుకున్న తీరు మీద.

ఎంజీబీకి శత్రువు తుప్పు. పాత ఎంజీఏకి కింద లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండేది. దాని మీద బాడీ కూర్చునేది. బాడీ తుప్పు పట్టినా ఎముకల గూడు మిగిలేది. ఎంజీబీలో అలా కాదు, బాడీయే ఛాసిస్, మోనోకాక్ అంటారు. టాప్ లేని కారు కాబట్టి పై నుంచి ఆధారం లేదు, బరువంతా మోసేది తలుపుల కింద గడపలా ఉండే భాగమే. దాన్ని సిల్ అంటారు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యలో నిలువుగా ఇంకో రేకు. పైకి చూస్తే ఒకటే పెట్టె, లోపల ఖాళీ. ఇంగ్లండ్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు ఆ పెట్టెలో చేరితే ఇక చూస్కోండి. బయట పెయింటు మెరుస్తూనే ఉంటుంది, లోపల గడప అప్పడమైపోతుంది.

దీనికి తోడు ప్రభుత్వం పరీక్ష పెట్టింది. 1960లో ఎంఓటీ టెస్టు మొదలైంది, పదేళ్లు దాటిన బండ్లకి. 1967 నాటికి మూడేళ్లు దాటిన ప్రతి కారుకీ వర్తించింది. మొదట్లో బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ చూసేవాళ్లు, తర్వాత్తర్వాత తుప్పు మీదా గట్టిగా పడ్డారు. సిల్ పోయిన కారు ఫెయిల్. బాగుచేయించాలంటే వర్క్‌షాపువాడు గంటల లెక్కన తీసుకునే కూలి, ఆ సెకండ్ హ్యాండ్ కారు ఖరీదుని మించిపోయేది. దాంతో బోలెడు ఎంజీబీలు తుక్కుకి వెళ్లాయి. మిగిలినవాటి ఓనర్లకి ఒకటే దారి: వాళ్లే పానా పట్టుకోవాలి.

ఇక్కడ మనకీ వాళ్లకీ ఒక తేడా ఉంది. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్తే లారీ బాడీ మొత్తం సుత్తితో కొట్టి, వెల్డింగ్ చేసి నిలబెట్టే పనివాళ్లు దొరుకుతారు. మనకి నైపుణ్యం షెడ్డులో ఉంది, కారు ఓనరు కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటాడు. బ్రిటన్‌లో కూలి ఖరీదు, సొంతింటి పక్కనే కారు పెట్టుకునే గది ఉండటం మామూలు. అందుకే అక్కడ గుమస్తా, టీచరు, బ్యాంకు ఉద్యోగి కూడా శనివారం వచ్చేసరికి మెకానిక్ అయిపోయాడు. ఇది వాళ్ల సరదా అనుకుంటాం గానీ, మొదట్లో చాలామందికి ఇది గత్యంతరం లేని పని.

మరి వాళ్లకి నేర్పిందెవరు? ఇక్కడ జాన్ హేన్స్ అనే ఆయన గురించి చెప్పాలి. పుట్టింది సిలోన్‌లో, ఇప్పటి శ్రీలంక. తండ్రి టీ తోటల్లో పనిచేసేవాడు. జాన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేరాక 1960లలో ఏడెన్‌లో పోస్టింగ్ పడింది. అక్కడ ఒక స్నేహితుడు పాత ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కొన్నాడు. బుల్లి స్పోర్ట్స్ కారు, అదీ అబింగ్డన్‌లోనే తయారయ్యేది. దాన్ని బాగుచేద్దామని కంపెనీ మాన్యువల్ తెరిస్తే మామూలు మనిషికి పనికొచ్చేలా లేదు. వర్క్‌షాపు మెకానిక్‌కి ముందే తెలుసనుకున్నవన్నీ వదిలేసి రాసిన పుస్తకం అది. (మనం రాసే సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ కూడా ఇంతే అనుకోండి, ఆ గొడవ ఇంకోసారి.) హేన్స్ ఏం చేశాడంటే, కారుని ముక్కముక్కలుగా విప్పి, ప్రతి మెట్టుకీ ఫొటో తీసి, మళ్లీ బిగించాడు. 1966లో స్ప్రైట్ మాన్యువల్ అచ్చయింది. మొదటి 3,000 కాపీలు మూడు నెలల్లోపే అయిపోయాయి. తర్వాత మిగతా కార్లకీ అదే పద్ధతి, ఎంజీబీకి కూడా. ఆ పుస్తకం పేజీల మీద గ్రీజు వేలిముద్రలు లేకపోతే దాన్ని ఎవరూ వాడలేదని అర్థం.

ఇప్పుడు గ్యారేజీలోకి వెళ్దాం. ఎంజీబీ సిల్ మార్చడం ఎలా ఉంటుందో చెప్తే, ఈ పని ఎంత ఓపికదో తెలుస్తుంది.

ముందు బ్యాటరీ తీసేయాలి. పాత ఎంజీబీల్లో పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి కాదు, ఆరు వోల్టులవి రెండు, సీట్ల వెనకాల కింద పెట్టెల్లో దాక్కుని ఉంటాయి. 1967 వరకు వచ్చినవాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బాడీకి ప్లస్ తగిలించి ఉంటుంది. తెలియకుండా కొత్త కారు అలవాటులో వైర్లు కలిపితే పొగే. వెనక డిక్కీ కిందున్న పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాలి, వెల్డింగ్ నిప్పురవ్వకీ పెట్రోల్ ఆవిరికీ పడదు. సీట్లు, కార్పెట్లు, వైరింగు అన్నీ తీశాక తెలుస్తుంది లోపల సంగతి. అంతకుముందు ఓనర్లు చేసిన రిపేర్లన్నీ బయటపడతాయి. తుప్పు రేకు మీదే ఇంకో రేకు అతికించినవాళ్లు, చిల్లులో జాలీ కుక్కి పైన పుట్టీ రాసి రంగేసినవాళ్లు, అందరి చేతివాటమూ అక్కడ ఉంటుంది.

తర్వాత అసలు గండం. సిల్ కోసేస్తే కారు మధ్యలో వంగిపోతుంది. టాప్ లేదు కదా, పట్టుకునేది ఏమీ ఉండదు. అందుకే కోసే ముందు తలుపు తీసేసి, ఆ ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనప యాంగిల్ అడ్డంగా వెల్డ్ చేస్తారు. కారు కింద స్టాండ్లు సమానంగా పెడతారు. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకుంటారు. కొత్త రేకు పెట్టగానే వెల్డ్ చేసేయరు, క్లాంపులతో పట్టించి, తలుపు మళ్లీ తగిలించి, చుట్టూ సందు సమానంగా ఉందా అని చూస్తారు. తీస్తారు, సర్దుతారు, మళ్లీ తగిలిస్తారు. తలుపు సందు పైన ఇరుకై కింద వెడల్పయిందంటే బాడీ కుంగినట్టు. ఆ స్థితిలో వెల్డ్ చేస్తే జన్మలో ఆ తలుపు సరిగా పడదు. పాత ఎంజీబీ కొనబోయేవాళ్లు ఇప్పటికీ ముందు ఇంజిన్ వినరు, తలుపు సందు చూస్తారు. ఇంట్లో వాడుకునే చిన్న మిగ్ వెల్డర్లు 1980లలో అందుబాటులోకి రావడంతో ఇదంతా మామూలు మనిషి చేతికొచ్చింది. అంతకుముందు గ్యాస్ వెల్డింగుతో పల్చటి రేకు వేడికి మెలికలు తిరిగేది.

సరే, ఇంత చేసినా ఒక సమస్య మిగిలిపోయింది. కొత్త రేకు ఎక్కడిది?

1979 సెప్టెంబరులో అబింగ్డన్ ఊరు ఎంజీ వచ్చి యాభై ఏళ్లయిందని సంబరాలు చేసుకుంది. అవి అయిన వెంటనే సోమవారం నాడు ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు బ్రిటిష్ లేలాండ్ ప్రకటించింది. 1980 అక్టోబరులో ఆఖరి ఎంజీబీ బయటికొచ్చింది. ఆ తర్వాత విడిభాగాలు చేసినవాళ్లలో చాలామంది, ఒక పాత ప్యానెల్ ముందు పెట్టుకుని చూసి కొట్టినవాళ్లే. నకలుకి నకలు. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా తలుపు సందు సంగతి ఇందాక చెప్పాను కదా.

కొన్నేళ్లు కోడ్ రాసినవాడిగా నాకు ఇది ఇలా అర్థమైంది. చేతిలో ఉన్న కారు కంపైల్ అయిపోయిన ప్రోగ్రాం. దాన్ని చూసి మళ్లీ రాయొచ్చు, కానీ ఒరిజినల్ సోర్స్ కోడ్ వేరు. కారుకి సోర్స్ కోడ్ ఏంటంటే ప్రెస్సు కింద పెట్టే అచ్చులు, డైలు. మోడల్ ఆగిపోయాక వాటిని గోడౌన్‌లో ఉంచడం దండగ ఖర్చు, సాధారణంగా కరిగించేస్తారు.

ఎంజీబీవి కరగలేదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అని 1975లో మొదలైన సంస్థ ఉంది. దాన్ని నడిపిన డేవిడ్ బిషప్, ఆయన బృందం పాత ప్రెస్ షాపుల్లో వెతికి, ఎంజీబీ బాడీ అచ్చుల్లో చాలాభాగం ఇంకా ఉన్నాయని కనిపెట్టారు. లేనివి చేయించారు. ఫారింగ్డన్ అనే ఊళ్లో చిన్న వర్క్‌షాపు పెట్టి, 1988లో కొత్త ఎంజీబీ బాడీషెల్ అమ్మకానికి పెట్టారు. ఆగిపోయి ఎనిమిదేళ్లయిన కారుకి పూర్తి బాడీ, మళ్లీ ఒరిజినల్ అచ్చుల నుంచి! అప్పటిదాకా ఏళ్ల తరబడి ముక్కముక్క అతికిస్తున్నవాడికి ఇది వరం. ఇంజిను, గేర్‌బాక్సు, యాక్సిళ్లు, డ్యాష్‌బోర్డు తన పాత కారులోంచి విప్పి కొత్త షెల్‌కి బిగించుకోవడమే.

ఇది ఎంజీబీకే ఎందుకు జరిగింది? నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోతే కామెంట్‌లో తిట్టండి. అది గొప్ప కారు కావడం వల్ల కాదు, మామూలు కారు కావడం వల్ల. అయిదు లక్షలు అమ్ముడైంది కాబట్టి అచ్చులకి గిరాకీ ఉంది, సామాను సాదాది కాబట్టి ఇంట్లో విప్పగలిగారు. అదే కాలంలో వచ్చిన, ఇంతకన్నా అందమైన, అరుదైన కార్లలో చాలావాటికి ఈ అదృష్టం లేదు.

అయితే బాడీ మొత్తం మారిస్తే అది పాత కారేనా? పూరీ జగన్నాథుడి నవకళేబరం, 2015లో జరిగింది, గుర్తుందా? దారుమూర్తులు కొత్తవి, లోపలి బ్రహ్మపదార్థం మాత్రం పాతదే. దేవుడి విషయంలో మనకి ఆ అనుమానమే రాదు. బ్రిటన్ వాహనాల శాఖ డీవీఎల్ఏకి మాత్రం వచ్చింది, దానికి పాయింట్ల లెక్క పెట్టింది. చాలాకాలం నడిచిన ఆ పద్ధతిలో పాత నంబరు నిలబెట్టుకోవాలంటే 8 పాయింట్లు కావాలి. ఛాసిస్‌కి లేదా బాడీషెల్‌కి 5, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేర్‌బాక్సు, స్టీరింగ్‌లకి తలా 2. ఒరిజినల్ కొలతల ప్రకారం తయారైన కొత్త షెల్‌కి రసీదు చూపిస్తే ఆ 5 వచ్చేవి. మరి ఇంజిన్‌కి? ఒకే ఒక్కటి. కారు గుండె అని మనం అనుకునేదానికి సర్కారు వేసిన విలువ అది.

ఈ షెల్స్ ఇంకో వింత కూడా చేశాయి. వీటికొచ్చిన గిరాకీ చూసి రోవర్ కంపెనీ, 1992లో అదే బాడీని మార్చి, 3.9 లీటర్ల వీ8 ఇంజిన్ పెట్టి, ఎంజీ ఆర్‌వీ8 అని కొత్త కారే విడుదల చేసింది. 1995 దాకా దాదాపు 2,000 చేశారు. బ్రిటన్‌లో పెద్దగా కొనలేదు, 1,500కి పైగా జపాన్‌కి వెళ్లాయి. కొన్నేళ్లయ్యాక బ్రిటిష్ వాళ్లు తీరిగ్గా జపాన్ వెళ్లి, పెద్దగా తుప్పు పట్టని ఆ ఆర్‌వీ8లని సెకండ్ హ్యాండ్‌లో వెనక్కి కొనుక్కుని తెచ్చుకోవడం మొదలుపెట్టారు.