నడుం నొప్పికి లూసీ పూచీనా?

నడుం నొప్పి గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఎవరో ఒకరు ఈ మాట అనక మానరు: నాలుగు కాళ్ళ మీద నడవాల్సిన జంతువు రెండు కాళ్ళ మీద లేచి నిలబడింది, ఆ పాపం మన నడుం మోస్తోంది అని. వినడానికి బాగుంటుంది. ఎప్పుడో ఎవరో రాసిన పాత కోడు మీద ప్యాచ్‌లు వేసుకుంటూ రోజులు నెట్టుకొచ్చే మాలాంటి వాళ్ళకి మరీ తొందరగా తలకెక్కుతుంది. నాకూ ఎక్కింది. ఇంతకీ అమెరికాలో ఈ మాటకి అంత గిరాకీ ఎలా వచ్చిందా అని వెతుక్కుంటూ వెళితే 1951 డిసెంబరు నాటి సైంటిఫిక్ అమెరికన్ పత్రిక తగిలింది.

అందులో విల్టన్ క్రోగ్మన్ అనే ఆంత్రపాలజిస్టు 'మానవ పరిణామం మిగిల్చిన మచ్చలు' అని అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. నడుం నొప్పి, హెర్నియా, కాన్పు కష్టం, అన్నీ మనిషి నిటారుగా నిలబడినందుకు కట్టే సుంకాలేనని ఆయన వాదన. ఇంగ్లండులో ఆర్థర్ కీత్ లాంటి వాళ్ళు అంతకు ముందే ఇలాంటివి చెప్పారు గానీ, ఆ ఆలోచనకి గుర్తుండిపోయే పేరు పెట్టింది మాత్రం క్రోగ్మనే.

తర్వాత 1974లో ఇథియోపియాలోని హడార్‌లో లూసీ దొరికింది. తవ్వినవాడు డొనాల్డ్ జొహాన్సన్, అప్పట్లో క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉండేవాడు. లూసీ వయసు 32 లక్షల ఏళ్ళు. కటి ఎముక, మోకాలు చూస్తే రెండు కాళ్ళ మీద నడిచిందని తెలిసిపోతుంది. వీపు పూసల్లో కొన్ని మాత్రం సరిగ్గా ఎదగలేదు. "అదిగో, అప్పటికే మొదలైంది!" అనేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి! కానీ ఒక్క మనిషికి వచ్చిన జబ్బు జాతి మొత్తం మీద తీర్పు కాదు కదా. టాంజానియాలో లేటోలి దగ్గర బూడిదలో పడిన అడుగుజాడలు ఇంకా పాతవి, 36 లక్షల ఏళ్ళ నాటివి. అన్ని లక్షల ఏళ్ళలో ప్రకృతి నడుం జోలికి అసలు పోలేదంటే నమ్మడం కష్టం.

పోయిందనడానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం 2007లో నేచర్ పత్రికలో వచ్చింది. హార్వర్డ్ నుంచి కేథరిన్ విట్కమ్, డేనియల్ లీబర్మన్, టెక్సాస్ నుంచి లైజా షపీరో కలిసి గర్భిణుల నడుం ఎలా నిలబడుతుందో చూశారు. పొట్ట పెరిగేకొద్దీ బరువు ముందుకి లాగుతుంది. తూలిపడకుండా ఆమె నడుముని వెనక్కి వంచి నిలబడుతుంది. అలా వంగడానికి వీలుగా కింది పూసలు కొన్ని వెనకవైపు కాస్త పొట్టిగా, ఏటవాలుగా ఉంటాయి. మగవాళ్ళలో అలాంటివి రెండు, ఆడవాళ్ళలో మూడు. చింపాంజీల్లో ఆడా మగా మధ్య ఈ తేడా లేదు. దక్షిణాఫ్రికాలో దొరికిన 20 లక్షల ఏళ్ళు దాటిన అస్థిపంజరాల్లో మాత్రం కనిపించింది. మన ఇళ్ళల్లో బాలింతకి వావిలాకు మరిగించిన నీళ్ళు పోసేవాళ్ళకి ఆ నడుం ఎంత మోసిందో వేరే చెప్పక్కర్లేదు. మోయడానికి ఆ మూడో పూస తోడుందని మాత్రం ఎవరికీ తెలియదు. దీన్ని మచ్చ అని ఎలా అంటాం?

మరి నొప్పి సంగతో? అక్కడ కథ ఎముకల దగ్గర్నుంచి ఆసుపత్రికి మారుతుంది. 1934లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు మిక్స్టర్, బార్ ఒక సంగతి తేల్చారు. కొందరి వెన్నులో అప్పటిదాకా గడ్డలనుకుని తీసేస్తున్నవి గడ్డలు కావు, పూసల మధ్య నుంచి బయటికొచ్చిన డిస్కు ముక్కలు. గొప్ప విషయమే, కాలంతా లాగేసే నొప్పితో మంచాన పడ్డవాళ్ళు ఎందరో లేచి నడిచారు. అయితే ఆ తర్వాత ప్రతి నడుం నొప్పికీ డిస్కే దోషి అయిపోయింది. ఎమ్మారై వచ్చాక దోషి ఫొటో కూడా దొరికింది.

ఆ ఫొటోని 1994లో ఒక పరిశోధన బోనెక్కించింది. నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. డిస్కులన్నీ శుభ్రంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. సగం మందికి పైగా కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి ఉంది. నొప్పి లేదు, ఫొటోలో మాత్రం దోషం ఉంది! నా రిపోర్టులోనూ అదే మాట రాసి ఉంది, దాన్ని చూసి ఒక డాక్టరు ఆపరేషన్ మాట ఎత్తాడు. కాలు చచ్చుబడటం, మూత్రం మీద పట్టు తప్పడం లాంటివి ఉంటే ఆలోచించకుండా పరిగెత్తాల్సిందే. నాకవేవీ లేవు. ఈ 98 మంది సంగతి చదివాక వద్దని చెప్పేశాను.

అమ్మకి ఫోన్లో ఇదంతా చెబితే, "కుర్చీలో కూర్చునే నీకు నొప్పేమిట్రా నాన్నా, రోజంతా వంగి నాట్లు వేసినవాళ్ళకి రావాలి గానీ" అంది. వాళ్ళకి రాలేదా అని అడిగాను. "ఎందుకు రాదు? రాత్రి మూలుగుతూ పడుకునేవాళ్ళు, తెల్లారి మళ్ళీ మడిలోకి దిగేవాళ్ళు" అంది.