రంగొచ్చింది సరే, లోపల పండిందా?

సావనీరుకు ఏదైనా పాత చరిత్ర రాయమని సంఘం వాళ్లు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది బడి భవనమూ కాదు, హెడ్మాస్టర్ల వరుసా కాదు. ఎనభైల నడుమ, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జరిగిన సైన్సు ఎగ్జిబిషన్. రెండు బల్లలు కలిపి, ఇంట్లోంచి తెచ్చిన దుప్పటి పరిచి, ముగ్గురం కలిసి ఒక స్టాలు పెట్టాం. విషయం, కార్బైడుతో కాయలు మాగవేయడం.

నూజివీడు రోడ్డు పక్కన పెరిగినవాళ్లకు ఆ ఆలోచన ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు. ఎండాకాలం వచ్చిందంటే రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు నింపుకున్న లారీలు జంక్షన్ దాటి అటు బెజవాడకూ ఇటు ఏలూరుకూ పోయేవి. తీరా ఎగ్జిబిషన్ సంక్రాంతి వెళ్లాక పెట్టారు. అప్పటికి తోటలింకా పూత మీదే ఉన్నాయి. మామిడికాయ లేని మామిడి స్టాలేమిటని దిగాలుపడితే సైన్సు మాస్టారు, ‘అరటికాయలు పెట్టండ్రా, అవీ అలాగే పండుతాయి’ అన్నారు. వెల్డింగు షాపులో కాగితం పొట్లంలో కార్బైడు ఇచ్చారు. ఒక గంపలో కాయల మధ్య ఆ పొట్లం, ఇంకో గంపలో వరిగడ్డి, మూడో గంపలో ఏమీ లేదు.

చార్టు మీద అంతా సరిగానే రాశాం. కార్బైడుకు చెమ్మ తగిలితే ఎసిటిలిన్ వాయువు వస్తుంది. కాయ పండేటప్పుడు తనంతట తాను ఇథిలీన్ తయారుచేసుకుంటుంది. ఎసిటిలిన్ దానిలాగే పనిచేసి కాయకు తొందరగా రంగు తెస్తుంది. పైన పెద్దక్షరాలతో ‘రైతుకు సైన్సు ఇచ్చిన వరం’ అని శీర్షిక. మొదటి గంపలో అరటికాయలు పసుపుపచ్చగా మెరిసిపోతున్నాయి. జడ్జీలు అడిగిన ప్రతి ప్రశ్నకూ నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మాకే ఫస్టు ప్రైజు.

మధ్యాహ్నం ఊళ్లవాళ్లను లోపలికి వదిలారు. భుజాన తువ్వాలు వేసుకున్న ఒక పెద్దాయన మా స్టాలు ముందు ఆగి చార్టు వైపు చూడకుండా అరటిపండు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు.

‘ఏరా అబ్బాయ్, రంగొచ్చింది సరే, లోపల పండిందా?’

ఒలిచి చూస్తే లోపల గట్టిగానే ఉంది. ‘నువ్వు తింటావా?’ అన్నాడు.

‘ఇది ప్రయోగం కోసమండీ తాతగారూ, తినడానికి కాదు’ అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

‘మరి పట్నంలో కొనుక్కు తినేవాడికి ఈ ముక్క ఎవరు చెబుతారు?’ అని, పండు గంపలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు మేం ముక్కు మూసుకున్న వెల్లుల్లి లాంటి వాసన అసలు ఎసిటిలిన్‌ది కాదని నాకు ఇంజనీరింగు చదివేటప్పుడు తెలిసింది. అది ఫాస్ఫీన్ లాంటి మలినాలది. ఫ్యాక్టరీ కార్బైడులో భాస్వరమూ ఆర్సెనిక్కూ కాస్తో కూస్తో ఉంటాయి. పెద్దాయన ప్రశ్నకు జవాబు మా ముక్కు ముందే ఉంది, మేం దాన్ని చార్టులో ఎక్కించలేదు. పాత ఆహార కల్తీ నిరోధక నిబంధనల్లోనూ, 2011లో వచ్చిన ఆహార భద్రత నిబంధనల్లోనూ కార్బైడుతో పండించిన పండ్ల అమ్మకం నిషేధమే. 2016లో దానికి బదులుగా ఇథిలీన్ వాయువును, గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండా వాడుకోవచ్చని కేంద్ర ఆహార భద్రతా సంస్థ అనుమతించింది. గంపలో పొట్లం పెట్టినంత చవకగా గది కట్టడం కుదరదు కాబట్టి, నిషేధం ఉన్నా పొట్లం పోలేదు.

స్టాలు పెట్టడమనే పనికి మన తెలుగు నేల మీద ఒక మంచి పూర్వకథ ఉంది. హైదరాబాదు నుమాయిష్ అంటే మనకు గాజులు, దుప్పట్లు, జెయింట్ వీల్ గుర్తొస్తాయి. 1938లో దాన్ని మొదలుపెట్టింది వ్యాపారులు కాదు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుల సంఘం, అంటే మనలాంటి పూర్వవిద్యార్థులు. రాష్ట్రం ఆర్థిక స్థితిగతులపై సర్వే చేద్దామనుకున్నారు. డబ్బు కావాలి, జనానికీ తెలియాలి. అందుకని పబ్లిక్ గార్డెన్స్‌లో దుకాణాలు పెట్టించారు. ఏడో నిజాం ప్రారంభించారు. చోటు చాలక 1946లో నాంపల్లి మైదానానికి మారారు. ఆ ఆదాయంతో తర్వాత ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడిపింది. ఆడపిల్లలు చదివే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ దానివే. వాళ్ల దగ్గర ముందు ప్రశ్న ఉంది, స్టాలు తర్వాత వచ్చింది.

బడుల్లో ఇది ఎక్కడో తిరగబడింది. 1971 నుంచి ఎన్‌సీఈఆర్‌టీ జాతీయ స్థాయిలో పిల్లల సైన్సు ప్రదర్శనలు జరుపుతోంది. ఇప్పుడు ఇన్‌స్పైర్ మానక్ కింద ఎంపికైన పిల్లలకు మోడల్ తయారీకి పది వేల రూపాయలు ఇస్తున్నారు. మంచిదే. కానీ జడ్జీగా వెళ్లినచోటల్లా థర్మోకోల్ అగ్నిపర్వతమే కనిపిస్తుంటే, అది కొని తెచ్చిందని పిల్లల మొహంలోనే తెలిసిపోతుంటే, ఆ డబ్బు ఎవరికి ఉపయోగపడిందో అర్థం కాదు. దానికన్నా అప్పట్లో మా పక్క సెక్షన్ పెట్టిన పిడత కింద పప్పు స్టాలు నయం. సరుకంతా అమ్ముడుపోయింది, పెట్టుబడి మాత్రం రాలేదు. సాయంత్రం లెక్క చూసుకుంటే అప్పు ఖాతాలో ఉన్నవాళ్లంతా సొంత క్లాసువాళ్లే! వాళ్ల నాయకుడు ఇప్పుడు పెద్ద వ్యాపారి, అప్పు బేరం చేయడని విన్నాను.

నేను కాలువ పనుల్లో ముప్పై ఏళ్లుగా ఉన్నాను. పటాలు పట్టుకుని ఊరి చావడి దగ్గర నిలబడినప్పుడల్లా గుంపులో ఆ తువ్వాలు కోసం వెతుక్కుంటాను. ఒకసారి ఒకాయన పటం వైపు చూడకుండానే, ‘బాబూ, మీరు తూము పెడతానన్న చోట నీళ్లు ఎక్కవు’ అన్నాడు. మర్నాడు లెవెల్ తీయించాం. ఎక్కవు.

అందుకే సంఘానికి నాదొక చిన్న మనవి. ఈసారి బడి ఎగ్జిబిషన్‌కు మన తరఫున బహుమతులతో పాటు ప్రతి స్టాలుకూ ఒక నోటుపుస్తకం కొనిద్దాం. చూడటానికి వచ్చినవాళ్లు అడిగిందీ, పిల్లలు చెప్పలేకపోయిందీ అందులో రాయించి, మార్కులు దాన్ని చదివాకే వేద్దాం. రోజు కూడా ఆదివారమైతే తోటలవాళ్లు వస్తారు.

మా రోజుల్లో అలాంటి పుస్తకం లేదు. బహుమతుల జాబితాలో మా ముగ్గురి పేర్లూ ఎక్కాయి. ఆ పెద్దాయన పేరు మేం అడగలేదు. ప్రైజుగా వచ్చిన స్టీలు గిన్నెలో మా అమ్మ చాలా ఏళ్లు పాలు తోడుపెట్టింది.