క్యాస్ట్ కొడితే వార్నింగ్ పోతుంది, మరి ఫంక్షన్ మారుతుందా?

సి ల్యాబ్‌లో ఫంక్షన్ పాయింటర్ దగ్గర వార్నింగ్ వస్తే "ముందు బ్రాకెట్లో టైప్ రాసెయ్, పోతుంది" అనే సలహా మీలో చాలామంది వినే ఉంటారు. దాన్నే క్యాస్ట్ అంటాం. ఇవాళ దాని చరిత్ర చూద్దాం.

మన కాంప్లెక్స్‌లో తుని బస్సుకి చింతపల్లి బోర్డు పెట్టారనుకోండి. బోర్డు చూసి మీరు ఎక్కేస్తారు, బస్సు మాత్రం తునికే పోతుంది. క్యాస్ట్ మార్చేది బోర్డునే.

1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి తయారుచేసినప్పుడు, ఫంక్షన్‌కి ఏ రకం విలువలు పంపాలో ముందే చెప్పే పద్ధతి లేదు. తప్పుగా పంపినా కంపైలర్ అడిగేది కాదు. 1989 ఆన్సీ ప్రమాణంతో ప్రోటోటైప్‌లు వచ్చాయి. ఫంక్షన్ పాయింటర్‌ని వేరే టైప్‌కి మార్చుకోవచ్చు, తిరిగి పాత టైప్‌కి తెచ్చుకోవచ్చు. కానీ పొసగని టైప్‌తో ఆ ఫంక్షన్‌ని పిలిస్తే ఏం జరుగుతుందో ప్రమాణం హామీ ఇవ్వదు. తమాషా ఏంటంటే, కెర్నిఘన్, రిచీ పుస్తకం 1988 ఎడిషన్‌లోనే సార్టింగ్ ప్రోగ్రాం కోసం అలాంటి క్యాస్ట్ ఒకటి ఉంది! పెద్దోళ్లే రాశాక పిల్లలు ఊరుకుంటారా?

చాలా మెషీన్లలో అది పనిచేసేసేది కూడా. అందుకే దశాబ్దాలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2018లో కథ మారింది. జీసీసీ 8లో ఇలాంటి క్యాస్ట్‌ల కోసమే ప్రత్యేకంగా ఒక వార్నింగ్ పెట్టారు. అదే ఏడాది జనవరిలో వచ్చిన లినక్స్ 4.15 నాటికి కెర్నల్ టైమర్‌లన్నిటినీ కొత్త పద్ధతిలోకి మార్చారు. చాలా ఓపిక కావాల్సిన పని, నా లెక్కలో కొత్త ఫీచర్ కన్నా గొప్పది.

ఇంత శ్రమ ఎందుకంటే, హ్యాకర్ మెమరీలోని ఫంక్షన్ పాయింటర్‌ని మార్చేస్తే ఫోన్ వాడు చెప్పిన చోటికి పోతుంది. దాన్ని ఆపడానికి సీఎఫ్ఐ అనే కాపలా పెట్టారు. కెర్నల్‌లో దాంతో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ 2018లోని పిక్సెల్ 3. పిలిచే టైప్, అసలు ఫంక్షన్ టైప్ కలవకపోతే కెర్నల్ అక్కడే ఆగిపోతుంది. మరి దొంగ పెట్టిన బోర్డుకీ, మనం బద్ధకంతో పెట్టిన బోర్డుకీ ఆ కాపలాకి తేడా తెలీదు కదా! అందుకే మంచివాళ్లు రాసిన క్యాస్ట్‌లు కూడా తీసేయాల్సి వచ్చింది.

జీసీసీ వార్నింగ్ ఒక పాయింటర్ బదులు ఇంకో పాయింటర్ ఉంటే చూసీచూడనట్టు వదిలేస్తుంది. 2023లో వచ్చిన క్లాంగ్ 16లో స్ట్రిక్ట్ ఆప్షన్ పెడితే అదీ వదలదు.